అమ్మ నీళ్ళు తాగిన కారు

నేను చదివింది ఐదో తరగతి దాకే. ఫోన్లో రాయడం ఈమధ్యే నేర్చుకున్నాను... అక్షరాలు తప్పు పడితే నవ్వకుండా సర్దుకుని చదవండి.

మా చిన్నప్పుడు... కారెక్కాలంటే ముక్కు మూసుకునేదాన్ని. మా తాత కొన్న తెల్ల కారు అది. నేను పుట్టేసరికే తెలుపు పోయి చద్దన్నం నీళ్ళ రంగుకు వచ్చింది. లోపల డీజిలు కంపు, చెనక్కాయ మూటల దుమ్ము, సంతకు తీసుకుపోయిన మేకపోతుల ఉచ్చ వాసన... చినిగిన సీటులోంచి కొబ్బరిపీచు తొడలకు గుచ్చుకునేది. డిక్కీలో ఎలుకలు పిల్లల్ని పెట్టేవి. 

వేరేది కొందామని అమ్మ అంటే చాలు, నాయన తల్లి, మా అవ్వ, ఇంతెత్తున లేచేది. "పెద్దాయన కొన్న కారు అది. దాన్ని అమ్మితే ఇంటి మర్యాద అమ్మినట్లే!"

నాయనదీ అదే మాట. వానల్లేక పంట ఎండిపోయినా వాకిట్లో కారుంటే చాలు... మేం పెద్దింటివాళ్ళం.

ఒక ఎండాకాలం అమ్మకు వాంతులు, బేదులు పట్టుకున్నాయి. కంబదూరు దగ్గరి మా ఊరి నుంచి కళ్యాణదుర్గం ఆసుపత్రికి పోవాలి. నాయన అమ్మను వెనకసీట్లో పడుకోబెట్టాడు. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. అమ్మ తాగడానికి ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళ సీసా నా చేతిలో... ఇంజనుకు పోయడానికి బిందెడు నీళ్ళు ముందుసీటు దగ్గర. బిందె లేకుండా మా కారు ఎక్కడికీ కదిలేది కాదు.

సగం దారిలో ముందునుంచి ఆవిరి తన్నుకొచ్చింది. నాయన బిందె మొత్తం పోశాడు. చాలలేదు. చుట్టూ బీడు భూములు... ఒక్క బోరు లేదు. వచ్చి నా చేతిలో సీసా లాక్కున్నాడు.

"నాయనా, అది అమ్మకు!"

"బండి కదిలితేనే గదా మీ యమ్మ ఆస్పత్రికి పోయేది. ఊరకుండు."

అమ్మ నీళ్ళన్నీ కారు తాగేసింది. అయినా కదలలేదు... అమ్మ పెదాలు ఆరి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

అంతలో బస్సు వస్తూ కనిపించింది. నేను చెయ్యెత్తబోతే నాయన పట్టుకున్నాడు. "మనింటి ఆడోళ్ళు బస్సెక్కేదేమి? ఊరంతా నవ్వల్లనా? చల్లబడనీ, పోదాం."

అమ్మ తలుపు తోసి దిగింది. కారు పట్టుకుని నడిచి, రోడ్డు మధ్యలో నిలబడింది. బస్సు ఆగింది. నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. నాయన రాలేదు... కారును రోడ్డు మీద వదిలేసి ఎట్లా వస్తాడు!

బస్సులో మేకలు కాసే ఒకామె తన నీళ్ళ సీసా అందించి, "ఏమ్మా, కారు పెట్టుకొని బస్సులోకొచ్చినావే?" అంది.

అమ్మ గడగడా తాగి ఊపిరి పీల్చుకుంది. "దానికి దప్పికైందిలేక్కా... మొగుడు తాపుతాండాడు."

బస్సంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. అమ్మ బతికింది. కారు కూడా. కానీ అమ్మ మళ్ళీ దాన్ని ఎక్కలేదు. నా పెళ్ళికి నాయన ఆ కారుకే పూలు కట్టించాడు. అమ్మ నా తల నిమిరి, బస్సు కోసం రోడ్డు దాకా నడిచింది.

ఇప్పుడది కదలదు. కింద కోళ్ళు రెట్టలు వేస్తాయి. అయినా ఆయుధపూజకు నాయన దాన్ని కడిగి, కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొడతాడు. తాగే నీళ్ళకు ట్యాంకరు కోసం కాచుకునే ఊర్లో కారుకు స్నానం! చూస్తే ఒళ్ళు మండుతుంది.

మొన్న మా ఆయన కారు కొందామన్నాడు. "ఎప్పుడు అమ్మేస్తావు?" అని అడిగాను.

"కొనకముందే అమ్మేదేందే?" అని పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు... ఎప్పుడో ఆయన చెప్పేదాకా అట్లాగే నిలబడ్డాను.

ఇప్పుడు అందరూ నాలుగేళ్ళకే బండ్లు మారుస్తున్నారట. మీ ఇళ్ళలో పాతవి ఎన్నాళ్ళు భరించారు? రాయండి... కానీ ఇది ఎవరికీ పంపొద్దు. చదివి మరిచిపోండి. నాయన కూడా ఇప్పుడు ఫోను చూస్తున్నాడు.