రెండో పొట్లం చక్కెర

సినిమా హాలుకు తాళం పడిన మర్నాడు, పగలనేది ఎంత పొడవుంటుందో టార్చి బాబాయ్‌కి మొదటిసారి తెలిసొచ్చింది.

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తుండాలి. పెళ్లయిన కొత్తలో ఆ హాల్లో చేరాడు. చీకట్లో టార్చి వేసి, ఆలస్యంగా వచ్చినవాళ్లను సీటు దాకా తీసుకెళ్లి కూర్చోబెట్టడం ఆయన పని. “చూసుకోండి, మెట్టుంది” అని ఆయన చేత చెప్పించుకోని మనిషి ఆ చుట్టుపక్కల లేడు. లెక్కలేనన్ని సినిమాలు చూసుంటాడని అందరూ అనుకుంటారు గానీ, ఒక్క సినిమాకీ మొదలేమిటో ఆయనకు తెలీదు. సరిగ్గా ఆ సమయానికి ఎవరినో ఎవరి కాళ్లూ తొక్కకుండా లోపలికి పంపిస్తూ ఉండేవాడు.

భార్యది పిల్లల బడిలో వంటపని. వీధివాళ్లందరికీ ఆవిడ పిన్ని. తెల్లవారగానే బడికి వెళ్లిపోయేది. బాబాయ్ మధ్యాహ్నం ఆటకు వెళ్లి ఆఖరి ఆట వదిలాక వచ్చేవాడు. ఆయన లేచేసరికి ఆవిడ ఉండదు, ఆయన వచ్చేసరికి ఆవిడ మంచి నిద్రలో ఉంటుంది. పొయ్యి మీద మూతపెట్టిన గిన్నెలే ఇద్దరి మధ్యా రాయబారం నడిపేవి. “మా ఇద్దరికీ పరిచయం ఉందనడానికి మా అమ్మాయే సాక్ష్యం” అని పిన్ని అంటూండేది. ఆ సాక్ష్యం పెళ్లి చేసుకుని ఊరికి ఆ చివర కాపురముంటోంది.

జబ్బు వార్తలు మొదలైన కొన్నాళ్లకే బడీ మూశారు, హాలూ మూశారు. రెండు గదుల ఇంట్లో ఇద్దరూ పొద్దస్తమానం ఎదురెదురుగా పడ్డారు. బాబాయ్‌కి వెలుతురు సరిపడలేదు. కిటికీల తెరలన్నీ లాగేసి కూర్చునేవాడు. పిన్ని వచ్చి మళ్లీ తెరిచేది.

“ఇది హాలు కాదండీ, ఇల్లు” అనేది.

అన్నానికి పిలిస్తే వచ్చి గుమ్మం పక్కన గోడకానుకుని నిలబడేవాడు. కూర్చోమని రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. ఇలా వారం గడిచేసరికి పిన్నికి ఓపిక నశించి, “ఊరికే నిలబడే బదులు వెళ్లి చక్కెర పట్టుకురండి” అని సంచీ చేతికిచ్చి పంపించింది.

మూలకొట్టు ముందు ఉన్నదాన్ని వరస అనడానికి లేదు. జనం ముద్దగా ఉన్నారు. చివర ఎక్కడో, మొదలు ఎక్కడో తెలీదు. గోధుమపిండి అయిపోయిందని ఒకరూ, సబ్బులు అయిపోయాయని ఇంకొకరూ లోపల్నుంచి కేక వేసినప్పుడల్లా ఆ ముద్ద తలుపు వైపుకి జారుతోంది. కొట్టాయన అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని చేతులతో సైగలు చేస్తున్నాడు. అంతలో టై కట్టుకున్న పెద్దమనిషి ఒకాయన చేతుల నిండా బూటుపాలిష్ డబ్బాలతో బయటపడ్డాడు.

“అన్ని డబ్బాలెందుకండీ?” అని బాబాయ్ అడిగాడు.

“ఇంతసేపు తోసుకుని ఉత్త చేతులతో ఎలా వెళ్లను చెప్పండి? ఇవే మిగిలాయి.” ఆయన ఒక్క క్షణం ఆగి, “అసలు నాకిప్పుడు ఆఫీసు కూడా లేదు” అని తనలో తానే అనుకుంటూ వెళ్లిపోయాడు.

బాబాయ్ జేబులో టార్చి ఎప్పుడూ ఉండేదే. ఏం ఆలోచించాడో ఏమో, తీసి ఆ ఎండలోనే వెలిగించాడు. “అమ్మా, మీరు గోడవారకి. మీరు ఆవిడ వెనక, కాస్త ఎడంగా. బాబూ, వాళ్లు దాటాక నువ్వు” అన్నాడు. కేక వేయలేదు, గుసగుసలాడలేదు. పక్కసీటువాడికి ఇబ్బంది లేకుండా నీకు మాత్రం వినిపించే గొంతు అది. ఆ గొంతు వినగానే చాలామంది కాళ్లు వాటంతటవే చెప్పినచోటికి నడిచాయి. చూస్తూండగానే ముద్ద విడిపోయి వీధి మలుపు దాకా తాడులా సాగింది.

ముందు నిలబడ్డ లెక్కల టీచరమ్మ కళ్లజోడు సవరించుకుని ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఆవిడ రిటైరై చాలాకాలమైంది, ప్రతి కొత్త సినిమాకీ వచ్చేది. “మీరు హాల్లో టార్చి బాబాయ్ కదూ? మిమ్మల్ని వెలుతుర్లో చూడ్డం ఇదే. జుట్టు నెరిసిందే మీకు” అంది.

ఆయన సిగ్గుపడి టార్చి ఆర్పేశాడు.

ఇంటికి వెళ్లాక పిన్ని సంచీ తిరగేసి దులిపింది. “చక్కెర ఏదీ?”

“మర్చిపోయాను. ఉద్యోగం దొరికింది.”

మర్నాటి నుంచి వీధిలో ఆయనదే రాజ్యం. సుద్దముక్కతో నేల మీద గుండ్రాలు గీశాడు. మెట్ల మీదున్నవి బాల్కనీ, చెట్టునీడలోవి కుర్చీ క్లాసు, ఎండలోవి నేల. వృద్ధులకు బాల్కనీ, మిగతావాళ్లు ముందొచ్చినవాళ్లు ముందు. “ఈవేళ నాకు నీడలో సీటు లేదా బాబాయ్?” అని జనం బతిమాలుకునేవారు. వంటనూనె వచ్చిందా, సబ్బు వచ్చిందా, చక్కెర మనిషికి ఎంత అని లోపల్నుంచి కనుక్కొచ్చి వరస పొడుగునా చెప్పుకుంటూ వెళ్లేవాడు. అయిపోయిన సంగతి కూడా దాచేవాడు కాదు. దాంతో తోపులాట తగ్గింది, కబుర్లు పెరిగాయి.

అందరికీ మాస్కులు వచ్చాక తంటా మొదలైంది. దిండుగలీబు మాస్కులు, లంగోటాలా కట్టిన రుమాళ్లు, ఒకాయనైతే కాఫీ వడకట్టే గుడ్డ. ఏళ్ల తరబడి పక్కపక్క ఇళ్లలో ఉన్నవాళ్లు కూడా “ఎవరండీ తమరు?” అనుకున్నారు. బాబాయ్‌కి మాత్రం ఏ తేడా రాలేదు. ఆయన ఎన్నడూ మొహాలు చూసినవాడు కాదు. ఎవరు కాలు ఈడుస్తారో, ఎవరు మెట్టు దగ్గర దగ్గుతారో, ఎవరి భుజం ఏ వైపుకి వాలుతుందో అదే ఆయనకు గుర్తు. ఇంటికొక్క పొట్లమే చక్కెర అని కొట్టాయన నియమం పెట్టిన రోజు, టోపీ మార్చుకుని రెండోసారి వచ్చిన ఒక యువకుణ్ణి ఇట్టే పట్టుకుని, “ఇంటర్వెల్ తర్వాత కొత్త టికెట్టు కుదరదు నాయనా” అని సాగనంపాడు. వరసంతా నవ్వింది, ఆ యువకుడితో సహా.

సరిగ్గా ఆ మర్నాడే వానకోటు కనిపించింది.

మబ్బుతునక లేని మిట్టమధ్యాహ్నం. వరస చివర ఒక మనిషి మోకాళ్ల కిందిదాకా నల్ల వానకోటు తొడుక్కుని, తలకు గుడ్డ చుట్టి, మాస్కు పైన చలవ కళ్లద్దాలు పెట్టుకుని నిలబడింది. ఎండకి కోటులోంచి ఆవిరి రావడం ఒక్కటే తక్కువ. బాబాయ్ దూరం నుంచి చూసి నవ్వుకున్నాడు. ఆ మనిషి ఒక గుండ్రంలోంచి ముందు గుండ్రంలోకి అడుగేసింది. ఆయన నవ్వు ఆగిపోయింది.

దగ్గరికెళ్లి, “మీరు పొద్దునే తీసుకున్నారండీ” అన్నాడు మెల్లగా.

“ఎవరనుకుంటున్నారో. నేనీ వీధికి కొత్త” అంది ఆ మనిషి, బొంగురుగొంతు పెట్టి.

“కొత్తవాళ్లు రావొచ్చండీ. కానీ మీరు పొద్దున చెట్టుకింద నిలబడ్డారు. మీ ఇంటికి ఇచ్చేశాం.”

బాల్కనీ మెట్ల మీంచి టీచరమ్మ తల తిప్పింది. “ఎవరావిడ, బాబాయ్?”

అబద్ధం చెప్పాలని ఆయనకూ అనిపించింది. కానీ నిన్నటి టోపీ యువకుడు రెండు గుండ్రాల అవతల చేతులు కట్టుకుని చోద్యం చూస్తున్నాడు. “మా ఆవిడేనండీ” అన్నాడు.

వరస వరసంతా ఘొల్లుమంది. పిన్ని కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. ఎండకో కోపానికో మొహం కందిపోయింది. “ఇన్నేళ్ల కాపురంలో నన్ను ‘మీరు’ అనడం ఇదే మొదలు. అదీ పొమ్మనడానికి” అంది.

“పోనీలే బాబాయ్, పిన్నిగారే కదా” అని కొట్టాయన లోపల్నుంచి అన్నాడు. బాబాయ్ తల గోక్కున్నాడు, నేల చూశాడు, టార్చి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చాడు. దారి మాత్రం ఇవ్వలేదు. పిన్ని వానకోటు గరగరలాడించుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రం కూతురు ఫోన్ చేసింది.

“మీ నాన్న నన్ను వీధిలో అందరి ముందూ వరసలోంచి పంపించేశాడే.”

“రెండోసారి ఎందుకెళ్లావమ్మా?”

“పక్కింటావిడ మంచంకింద ఏడాదికి సరిపడా చక్కెర సర్దేసిందట. ఇక లారీలు రావంటున్నారు. నాకు భయమేసింది. నీకూ కాస్త పంపిద్దామనుకున్నాను.” పిన్ని గొంతు తగ్గించింది. “ఎవరూ గుర్తుపట్టరని మా చెల్లెలు ఎప్పుడో వదిలేసి వెళ్లిన వానకోటు వేసుకెళ్లాను.”

“వానకోటా? ఈ ఎండలోనా?”

అవతల కూతురు నవ్వు ఆపుకోలేకపోతోంది. పిన్నికీ నవ్వొచ్చింది గానీ, గుమ్మంలో బాబాయ్ కనబడేసరికి మొహం బిగించింది. ఆ పూట నుంచి తన టీలో రెండు చెంచాలు వేసుకుని, ఆయనకు చక్కెర లేని టీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆయన తాగి బాగుందనేవాడు. అలా అన్నందుకు ఆవిడకు ఇంకా ఒళ్లు మండేది.

ఇది చూసి కాదు గానీ, చెవిన పడి కొట్టాయన జాలిపడ్డాడు. ఒక మధ్యాహ్నం కొట్టు మూసేవేళ, వెనక తలుపు దగ్గర బాబాయ్ చేతిలో చక్కెర పొట్లం పెట్టాడు. “ఎవరూ చూడరు. తీసుకెళ్లండి. ఇంట్లో శాంతి ముఖ్యం.” బాబాయ్ రెండుసార్లు వద్దన్నాడు, మూడోసారి చొక్కా లోపల పెట్టుకున్నాడు. దారంతా ఎవరో చూస్తున్నట్టే నడిచి, ఇంటికొచ్చి బల్ల మీద పెట్టాడు.

పిన్ని దాన్ని ముట్టుకోలేదు. “ఎక్కడిదీ?”

“కొట్టాయనే ఇచ్చాడు. వెనక నుంచి.”

“మీరు పొద్దునే తీసుకున్నారండీ” అంది పిన్ని, అచ్చం ఆయన గొంతుతోనే. “వరసలో నిలబడ్డవాళ్లకి ఇవ్వండి. నేను నలుగురిలో పోగొట్టుకున్న పరువు వెనక గుమ్మంలోంచి రాదు.”

ఆయన పొట్లం మళ్లీ చొక్కాలో దోపుకుని వెళ్లి ఇచ్చేసి వచ్చాడు. వచ్చేసరికి బల్ల మీద రెండు కప్పుల టీ ఉంది. జాగ్రత్తగా ఒక గుక్క తాగి చూశాడు. తియ్యగా ఉంది.

కిటికీ తెరలు తెరిచే ఉన్నాయి. ఆయన ఈసారి చెప్పకుండానే కూర్చున్నాడు. పిన్ని కప్పులోకి చూస్తూ అడిగింది.

“మొహం కనపళ్లేదు, గొంతు మార్చాను, బట్టలు నావి కావు. ఎలా పట్టుకున్నారు?”

“నడక.”

“నా నడకకేమొచ్చింది?”

“కుడికాలు కాస్త ఆలస్యంగా పడుతుంది, ఎడంకాలిని ముందు వెళ్లమన్నట్టు. తలుపు దగ్గరికి రాగానే ఏదో మర్చిపోయినట్టు ఒక్క అడుగు వెనక్కి వేస్తావు. వరసలోనూ అదే చేశావు.”

పిన్ని కప్పు కింద పెట్టింది. “మీరెప్పుడు చూశారు? నేను బడికి వెళ్లేటప్పుడు మీరు గుర్రు పెట్టి నిద్రపోతారుగా.”

“చూడలేదు, విన్నాను. గుర్రు ఆపి, నువ్వు తలుపు వేసుకుని వీధి చివరికి వెళ్లేదాకా వింటూ పడుకుంటాను. రోజూ.” ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. “ఆ తర్వాతే మళ్లీ నిద్రపడుతుంది.”

పిన్ని లేచి కప్పులు తీసి, గిన్నెల దగ్గర పెట్టి, అటు తిరిగే అంది. “అయితే ఇన్నేళ్లూ మెలకువగానే ఉన్నారన్నమాట. లేచి ఒక్కరోజైనా టీ పెట్టొచ్చుగా.”

మర్నాడు పొద్దున ఆయనే టీ పెట్టాడు. పాలు పొంగబెట్టి, పొయ్యంతా పాడుచేసి, పెట్టాడు.

ఆ వారం నుంచి పిన్ని కూడా కొట్టుకు రావడం మొదలెట్టింది. వందమంది పిల్లలకు గరిటె తిప్పిన చెయ్యి కదా, కొట్టాయన ఆవిడకు కొలిచిచ్చే పని ఒప్పజెప్పాడు. పిండి, పప్పు, సబ్బుపొడి ఆవిడ కొలిస్తే ఎవరూ కిమ్మనేవారు కాదు. బయట ఆయన గొంతు, లోపల ఆవిడ గొంతు. పక్కింటావిడ ఒకరోజు వచ్చి, మంచంకింది చక్కెరకు చీమలు పట్టాయని ఏడుపుమొహంతో చెప్పి, సగం తెచ్చి కొట్టులో ఇచ్చేసింది. పిన్ని దాన్ని జల్లెడ పట్టి, “చీమలకు మాస్కులు లేవు, అయినా ఫరవాలేదు” అంటూ పక్కన పెట్టింది.

హాలు మళ్లీ తెరవడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. వీధిలో ఇద్దరు ముగ్గురికి జబ్బు వచ్చి, తగ్గింది కూడా. కానీ ఆ రోజుల్లో అందరూ ఎదురుచూసింది చక్కెర లారీ కోసమే. రేపంటారు, ఎల్లుండంటారు. చివరికి ఒక ఉదయం, బాబాయ్ వరస సర్దుతూండగా, మలుపులో హారన్ వినబడింది. జనం గుండ్రాలు దాటకుండానే చప్పట్లు కొట్టారు. బాల్కనీలో టీచరమ్మ లేచి నిలబడి మరీ కొట్టింది. లారీ డ్రైవరు కంగారుపడి, ఎవరో పెద్దమనుషులు వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

“మీకేనండీ” అన్నాడు బాబాయ్, టార్చితో దారి చూపిస్తూ. “నెమ్మదిగా రానివ్వండి. గుంట ఉంది.”

బస్తాలు దిగుతూండగా పిన్ని లోపల్నుంచి పెద్ద గ్లాసుతో టీ తెచ్చింది. ఆ మనిషికి చేతినిండా చక్కెర వేయాలని ఆవిడ పట్టుదల. కొత్త బస్తా అప్పుడే కోసి, చెంచా నిండా తీసింది.

డ్రైవరు గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దమ్మా, నాకు షుగరుంది.”

పిన్ని చెంచా గాల్లోనే ఆగిపోయింది. ముందు బాబాయ్ నవ్వాడు, తర్వాత ఆవిడ, తర్వాత సంగతి ఒకరి నుంచి ఒకరికి పాకి వరస చివరిదాకా అందరూ. డ్రైవరు మాస్కు కిందికి దించి, ఆ చప్పటి టీని ఇష్టంగా ఊదుకుంటూ తాగి, “ఇంకొంచెం ఉందా అమ్మా?” అని గ్లాసు చాపాడు.