పక్కింట్లో గొడవ వినిపించలేదు

ఈ రోజు నంద్యాల కాలేజీలో, ఎప్పుడూ పోట్లాడుకునేవాళ్ళను ఇంగ్లీషులో ఏమంటారో చెబుతున్నాను. ‘లీడింగ్ ఎ క్యాట్ అండ్ డాగ్ లైఫ్’, ‘ఎట్ లాగర్‌హెడ్స్’ అని బోర్డు మీద రాశాను. రాస్తుంటే మా పక్కింటి జోసెఫ్, మరియమ్మ దంపతులు గుర్తొచ్చారు. పొద్దున వాళ్ళ గొంతులు వినిపించలేదన్న సంగతీ అప్పుడే గుర్తొచ్చింది.

నేనూ నా భార్యా రోజూ పోట్లాడుకునేవాళ్ళమే. నిరుడు ఒక పొద్దున ఆమె పలకకపోతే, అలిగిందనుకుని కాలేజీకి వెళ్ళిపోయాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమెలో ప్రాణం లేదు.

గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, వాళ్ళ తలుపు బాదాను. మరియమ్మే తీసింది.

"ఏంది సార్, అట్ల రొప్పుతాండారు?"

"పొద్దున మీ గొడవ వినపడలేదమ్మా."

"ఉపవాసాల శ్రమదినాలు కదా సార్! ఈస్టర్ దాకా కొట్లాడకుండా ఉంటామని నిన్ననే ఆళ్లగడ్డ పాస్టరయ్యకు మాటిచ్చినాం. కొట్లాట లేకుంటే మా ఇంటాయనకూ నాకూ మాట్లాడేకి ఏముంటాది?"

ఈస్టర్‌కు ఇంకా నెల ఉంది. రోజూ పొద్దున మా వైపు గోడ ఒక్కసారి తట్టమని అడిగి వచ్చాను. నవ్వేవాళ్ళు నవ్వండి. మీ పక్కింటివాళ్ళ గొంతు ఇవాళ విన్నారా?