గీతకు ఏ వైపు కోశావు

వరి ఊక వాసన తగిలితే ఎవరికైనా మిల్లు గుర్తొస్తుంది, కళ్ళం గుర్తొస్తుంది. నాకు మాత్రం తెల్ల ఎలుకలు గుర్తొస్తాయి. బాపట్లలో నేను పనిచేసే ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే దారిలో ఒక రైసు మిల్లు ఉంది. సాయంత్రం అటు వెళ్తున్నప్పుడు నా స్కూటీ దానంతట అదే నెమ్మదిస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి. మంచి రోజులు ఒక్కొక్కరికి ఒక్కో చోట గడుస్తాయి. నావి గుంటూరు మెడికల్ కాలేజీ వెనక, రేకుల కప్పు కింద ఉన్న ఎలుకల గదిలో గడిచాయి.

అప్పుడు నేను ప్లాస్టిక్ సర్జరీ చదువుతున్నాను. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కులు సరిచేయడమేనని మా అమ్మ కూడా చాలాకాలం అనుకుంది. నిజానికి మా పనిలో ఎక్కువ భాగం గాయాలు కప్పడమే. ఎముక బయటపడిన చోట, పక్కనున్న చర్మాన్ని కింది కొవ్వుతో సహా లేపి, ఒక వైపు మాత్రం ఒంటికి అంటి ఉండేలా వదిలి, గాయం మీదికి తిప్పి కుడతాం. దాన్ని ఫ్లాప్ అంటాం. అంటి ఉన్న వైపు నుంచి వచ్చే రక్తమే దానికి ప్రాణం. కాలువ చివరి పొలానికి నీళ్ళు అందనట్టు ఒక్కోసారి కొసకు రక్తం అందదు. అప్పుడు కొస నల్లబడి చచ్చిపోతుంది. ఎంత మేర బతుకుతుంది, ఏం చేస్తే ఇంకొంచెం బతుకుతుంది అన్నది మా వాళ్ళందరికీ తీరని బెంగ.

మా ప్రొఫెసర్ గారికి ఒక పూత మందు మీద గురి. కొత్తదేమీ కాదు, వేరే జబ్బుకు ఎప్పటి నుంచో వాడుతున్నదే. అది రాస్తే ఫ్లాప్ కొస నిలుస్తుందని ఆయన నమ్మకం. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు కాబట్టి, ఆలోగా సంగతి తేల్చాలని దాన్నే నా థీసిస్‌గా పెట్టారు.

"ఎలుక తోలు వదులు చొక్కా లాంటిదమ్మా. మనది ఒంటికి పట్టి ఉండే తోలు. ఎలుక మీద పనిచేసిందల్లా మనిషి మీద పనిచేస్తుందని లేదు. కానీ ఎలుక మీదే పనిచెయ్యని మందుని మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని తీసుకెళ్తాం?" అనేవారు.

అనుమతులు వచ్చాయి, ఎలుకలు వచ్చాయి. వాటి పెట్టెల్లో పరవడానికి ఊక కావాలి. కాలేజీ వాళ్ళు తెప్పించేది దుమ్ము. అందుకని కొలకలూరులో మా ఇంటి దగ్గరి మిల్లులో నాన్న మంచి ఊక బస్తా కట్టించి ఇచ్చేవారు. తెనాలిలో రైలెక్కి ఆ బస్తాని కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చునేదాన్ని. ఒకసారి పక్కనున్న పెద్దావిడ, "బస్తాలో ఏంటమ్మా?" అంది.

"ఊకండి. హాస్టలుకి."

"హాస్టల్లో గేదెలున్నాయా?"

"లేదండి, ఎలుకలున్నాయి."

ఆవిడ గుంటూరు వచ్చేదాకా కాళ్ళు కింద పెట్టలేదు.

ఎలుకకు మత్తిచ్చి, వీపు గొరిగి, పొడుగాటి చర్మపు ముక్కను మూడు వైపులా కోసి లేపి, తోక వైపు వదిలి, మళ్ళీ అక్కడే కుట్టేదాన్ని. ఒకదాని కుట్లు ఒకటి కొరకకుండా వేటి పెట్టె వాటికే. సగం ఎలుకలకు మందు, సగం వాటికి మందు లేని వట్టి పూత. పొద్దున ఆరింటికి తలుపు తీయగానే ఊకలోంచి గులాబీ ముక్కులు బయటికొచ్చేవి. చేతిలోకి తీసుకుంటే నా మణికట్టుకి ముక్కు ఆనించి ఊపిరి పీల్చేవి. ఏడో రోజు ముందు నెంబరు పెట్టి ఫొటో తీసి, తర్వాత వీపు మీద ఎంత మేర బతికిందో, ఎంత మేర నల్లబడిందో గీసుకుని, మత్తులోనే వాటిని సాగనంపేవాళ్ళం. ఆ రోజు నాకు అన్నం సహించేది కాదు. వాటి మీద నాకు ప్రేమ ఉండేది. ఈ మాట ఆ రోజుల్లో ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

గీసినదాన్ని కాగితం మీదికి దించుకుని, బతికిన భాగాన్నీ చచ్చిన భాగాన్నీ విడివిడిగా కత్తిరించి తూయాలి. బరువుని బట్టి ఎంత వంతు బతికిందో తేలుతుంది. పాత పద్ధతే, కానీ నమ్మదగినది. అయితే తూయకముందే నా గీతలు చూసి సార్ మొహం వెలిగిపోయింది. మందు రాసినవాటిలో నలుపు తక్కువని కంటికే కనిపిస్తోంది.

సరిగ్గా ఆ వారమే భట్టిప్రోలు నుంచి ఒకావిడ మా వార్డుకి వచ్చింది. నాట్లకు కూలికి వెళ్ళే మనిషి. ట్రాక్టరు చక్రం కింద పడి మడమ మీద తోలంతా పోయింది. పిక్క వైపు నుంచి ఫ్లాప్ తిప్పి మడమకు కప్పాం. మూడో రోజుకి కొస నీలం తిరిగింది. కట్టు విప్పినప్పుడల్లా ఆవిడ ఒకటే మాట అడిగేది.

"మళ్ళా మడిలో దిగుతానా, డాక్టరమ్మా?"

మళ్ళీ థియేటరుకి తీసుకెళ్ళి కుట్లు విప్పి చూడాలా, ఆగి చూడాలా అన్నది ప్రశ్న. ఊరికే విప్పితే ఉన్న రక్తం కూడా చెదరొచ్చు. విప్పాల్సినప్పుడు విప్పకపోతే ఫ్లాప్ మొత్తం పోతుంది, మడమా పోతుంది. సార్ నా కాగితాల వైపు చూసి, "మన పూత రాయండి. మంగళవారం దాకా చూద్దాం" అన్నారు. అది శుక్రవారం.

శనివారం తూకం వేద్దామంటే కాలేజీలో సున్నితపు త్రాసు రిపేరుకి పోయి ఉంది. నాకు తెనాలిలో మా ఇంటి నగలు చేసే పెద్దాయన గుర్తొచ్చారు. మా అమ్మ గొలుసు నుంచి నా చెవిపోగుల దాకా అన్నీ ఆయన చేతివే. చిన్నప్పటి నుంచీ బాబాయిగారూ అని పిలిచేదాన్ని. కాగితపు ముక్కల్ని రెండు కట్టలు కట్టి, మందు రాసినవాటికి ఎర్రదారం, రాయనివాటికి పచ్చదారం చుట్టి పట్టుకెళ్ళాను.

ఆయన ఫ్యాను ఆపారు. అద్దాల పెట్టెలో ఉన్న త్రాసుని తుడిచారు. మొదటి ముక్క పట్టకారుతో ఎత్తి, తూయకుండా వెలుతురులో తిప్పి చూశారు. రెండోది చూశారు. పచ్చ కట్టలోంచి రెండు తీసి పక్కన పెట్టారు.

"ఇవన్నీ నువ్వే కోశావామ్మా?"

"అవును బాబాయిగారూ."

"గీతకు ఏ వైపు కోశావు?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. "మేం రేకు కోసేటప్పుడు గీత ఎప్పుడూ ఒక వైపే వదుల్తాం. తర్వాత ఆకురాయితో గీత దాకా అరగదీస్తాం. నువ్వు ఎర్రదారం కట్టలో గీతంతా ఈ తెల్ల ముక్కలకి వదిలావు. పచ్చదారం కట్టలో గీతంతా నల్ల ముక్కలకి పోయింది."

తెల్లవి బతికిన భాగాలు. నల్లగా పెన్సిల్ రుద్దినవి చచ్చినవి.

"గీత మందం ఎంత ఉంటుందిలెండి" అన్నాను.

"వెంట్రుకంత. మందం సంగతి కాదమ్మా నేనడిగేది. ఒకటే చెయ్యి రెండు రకాలుగా ఎందుకు పోయిందీ అని."

కత్తెర సంగతి సరే, మరి పెన్సిల్ సంగతో? ఏడో రోజు ఎలుక వీపు మీద గులాబీకీ నలుపుకీ మధ్య ఊదారంగు పట్టీ ఒకటి ఉంటుంది. ఎటూ చెప్పలేని చోటు. మందు రాసిన ఎలుకైతే ఆ పట్టీని బతికినదాంట్లో కలిపాను, రాయనిదైతే చచ్చినదాంట్లో. కావాలని కాదు. కాకి పిల్ల కాకికి ముద్దు. నా ఎలుకలు, నా సార్ మందు, నా థీసిస్. అబద్ధం ఆడుతున్నానని నా చేతికి తెలుసు, నాకు తెలియదు. ఆ అబద్ధాన్ని నమ్ముకునే వార్డులో ఒక మనిషి మడమకు పూత రాస్తున్నాం.

దుకాణం మెట్ల మీద నిలబడి సార్‌కి ఫోన్ చేశాను. సిగ్గుతో తల కొట్టేసినట్టుగా ఉంది. మొత్తం చెప్పాను. తిడతారనుకున్నాను. "ఫొటోలన్నీ పెద్దవి చేయించి నెంబర్లు కప్పెయ్యి. రేపు పొద్దున్నే స్టేషన్‌కి రా. గీతలు నేను గీస్తా, ఆయన్ని కొయ్యమందాం" అన్నారు.

ఆదివారం బయల్దేరే ముందు వార్డుకి వెళ్ళాను. నీలం ఇంకో వేలెడు పైకి పాకింది. ఆవిడ ఏమీ అడగలేదు, నా మొహంలోకి చూసింది. అడిగినా బాగుండేదనిపించింది.

ఆ పొద్దుట తెనాలిలో ఆ చిన్న దుకాణం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చాప మీద ఇద్దరు పెద్దవాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు. ఏ ఎలుకకు ఏ పూతో తెలియకుండా సార్ ఫొటోల మీద గీస్తున్నారు. బాబాయిగారు కోస్తున్నారు, తూస్తున్నారు. ఫ్యాను లేక ఇద్దరి చొక్కాలూ వీపుకి అంటుకుపోయాయి. "మీరు కుట్టేది కూడా ఇంత సన్నంగానేనా అండి?" అని ఆయన అడిగితే, "మీ అంత నిలకడ నాకు లేదండి" అని సార్ అన్నారు. నాకు మాత్రం ఏదీ ముట్టుకునే అధికారం లేదు. మూలన కూర్చుని, చెప్పిన బరువులు రాసుకుంటూ, మనసులో మందుకి మొక్కుకుంటున్నాను. అప్పటికీ బుద్ధి రాలేదు.

చివరికి నెంబర్ల మీద కాగితాలు తీసి చూశాం. రెండు కట్టలకీ తేడా లేదు. మందు రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే.

సార్ కళ్ళజోడు తీసి, బాబాయిగారి వైపు చూశారు, నా వైపు కాదు. "మంచినీళ్ళు ఇప్పిస్తారా?" అన్నారు. తాగి లేచారు. "పద. ఈ రైలు పోతే మళ్ళా మధ్యాహ్నానికి గాని లేదు."

గుంటూరులో దిగి సార్ నేరుగా వార్డుకి నడిచి, స్టూలు లాక్కుని ఆవిడ మంచం పక్కన కూర్చున్నారు.

"అమ్మా, నేను రాయించిన మందు పనిచెయ్యదు. పనిచేస్తుందని నేననుకున్నా. ఈ పొద్దే తెలిసింది. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళి కుట్లు విప్పి చూడాలి."

"ఇందాకటి దాకా మీకూ తెలవదా అండి?"

"తెలీదమ్మా."

ఆవిడ దుప్పటి పక్కకి లాగింది. "తెలిసినాక దాచకుండా చెప్పారుగా. పదండి మరి."

ఫ్లాప్ మొదలు దగ్గర మెలిక పడి, లోపలికి వెళ్ళిన రక్తం తిరిగి రాలేకపోతోంది. కుట్లు విప్పి మెలిక సరిచేశాం. ముందు నల్లటి రక్తం కారింది, తర్వాత ఎర్రగా వచ్చింది. చివరన గోరంత పోయింది, అంతే. మంగళవారం దాకా ఆగి ఉంటే ఏమయ్యేదో మా ఇద్దరికీ తెలుసు. మరుసటి ఏడాది నాట్లప్పుడు ఆవిడ నాకు ఫోన్ చేసింది. వెనక ఆడవాళ్ళ నవ్వులు, నీళ్ళ చప్పుడు. "మడిలో నుంచే మాట్లాడుతున్నానమ్మా" అంది. నేను ఫోను పట్టుకుని ఏడ్చాను.

మందు పనిచేయదనే థీసిస్ రాశాను, పాసయ్యాను. సార్ రిటైరైన రోజు శాలువాలు, దండలు చాలా వచ్చాయి. అన్నీ అక్కడే పంచేశారు. గదిలో ఉన్న పుస్తకాలన్నీ డిపార్ట్‌మెంటుకి ఇచ్చేశారు. ఒక్క నా థీసిస్ మాత్రం చంకలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచారు.

"అదెందుకు సార్?" అన్నాను.

"ఆవిడ మడమ ఇందులో ఉందమ్మా" అన్నారు.