పైలట్ పక్క సీటు

సౌదీలో, ఖమీస్ ముషైత్ ఊళ్ళో, నాతో ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్న పిల్ల ఇప్పుడు కెనడాలో పైలట్ పక్క సీట్లో కూర్చుని డ్యూటీకి వెళ్తోంది. నా కడుపు మండడానికి ఈ ఒక్క ముక్క చాలు.

ఇద్దరిదీ గోదావరి పక్కే, ఒకే ఆసుపత్రిలో నర్సులం. కెనడా నర్సు పరీక్షకి కలిసే చదివాం, కలిసే పాసయ్యాం. తను వెళ్ళింది. నేను పిల్లల ఫీజులని అందరికీ చెప్పి సౌదీలోనే ఉండిపోయేందుకు ఇకామా పర్మిట్ రెన్యూ చేయించుకున్నాను.

అబ్హా ఘాట్ రోడ్డు మీద హాస్పిటల్ బస్సులో వాంతి చేసుకునే మనిషి తను. కిటికీ సీటు ఎప్పుడూ నేనే వదిలేదాన్ని. సెలవుకి వెళ్ళేటప్పుడు అబ్హా నుంచి జెద్దా విమానంలో తన చెయ్యి గట్టిగా పట్టుకుని, ప్రార్థన కూడా నేనే చేసేదాన్ని. పాపం, పిరికిదని అందరికీ చెప్పేదాన్ని.

ఆ పిరికిది ఇప్పుడు మానిటోబా ఉత్తరాన, రోడ్డే లేని ఊళ్ళకి చిన్న విమానంలో తిరుగుతోంది. ఎక్కే ముందు సామానుతో పాటు మనిషినీ తూస్తారట. సీటు ఖాళీ ఉంటే పైలట్ తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడట. అక్కడి ముసలి పేషెంట్లు పాత రోజుల కబుర్లు చెబుతారట. ఒకప్పుడు వాళ్ళ ఊరికి చిన్న కంపెనీ ఒకటి విమానాలు తిప్పేది. ఎండాకాలం సరస్సు మీద దిగేవి, చలికాలం మంచు మీద జారుతూ ఆగేవి. తర్వాత ఇంకో కంపెనీ దాన్ని కొనేసి విమానాలకి రంగు మార్చింది. ముసలాళ్ళు మాత్రం ఇప్పటికీ పాత పేరుతోనే పిలుస్తారు, మనవాళ్ళు మూతబడ్డ సినిమాహాలు పేరుతో సెంటరుని పిలిచినట్టు.

ఇవన్నీ వాయిస్ మెసేజ్‌లలో వస్తాయి. జవాబు ముక్తసరిగా పెట్టి, ఆ విమానాల ఫొటోలు ఫోన్లో వెతుక్కునేదాన్ని. ఏ కంపెనీ ఏ ఊరికి తిరుగుతోందో, ఏది మూతబడిందో, ఏది దేంట్లో కలిసిపోయిందో నాకు కంఠతా వచ్చేసింది. ఇడ్లీ పిండి రుబ్బడానికి లేని ఓపిక దీనికి ఎక్కడ నుంచి వచ్చేదో. కళ్ళలో నిప్పులు పోసుకోవడమంటే ఇదే కాబోలు.

ఒక శుక్రవారం తనే ఫోన్ చేసింది. వాళ్ళ ఆసుపత్రిలో ఇంకో నర్సు కావాలట.

"అక్కా, మన వార్డులో విమానమంటే భయపడని పిల్ల ఎవరన్నా ఉందా?"

"నేను కనపళ్ళేదా నీకు?"

తను నెమ్మదిగా అంది. "నువ్వా అక్కా? జెద్దా ఫ్లైట్లో నీ గోళ్ళు దిగి నా చెయ్యి కమిలిపోయేది. బస్సులో వాంతులు నిజవే గానీ, విమానంలో నాకెప్పుడూ భయం లేదు. నువ్వు చిన్నబుచ్చుకుంటావని చెయ్యిచ్చి కూర్చునేదాన్ని."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఉక్రోషంతో కూర్చున్నాను. విమానం భయం దాచి ఫీజులని నేను చెప్పిన మాట ఊరంతా నమ్మింది, ఇదొక్కతే నమ్మలేదు. ఇన్నాళ్ళూ నా మొహం మీద ఒక్క మాట అనకుండా పిరికిదనే పేరు తనే మోసింది. కెనడా సంగతి అలా ఉంచి, ఈ మంచితనం చూసి మరీ కుళ్ళుకున్నాను. అది కూడా దానికే ఉండాలా?

పై నెలలో సెలవొచ్చింది. జెద్దా విమానం ఒక్కదాన్నే ఎక్కాను. పక్క సీట్లో ముసలి సౌదీ ఆవిడ జపమాల తిప్పుకుంటోంది. విమానం లేస్తూనే కొండల మీద ఊగడం మొదలెట్టింది. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాను. ఆవిడ చెయ్యి దగ్గరలోనే ఉంది. పట్టుకోలేదు. కళ్ళు మాత్రం మూసుకున్నాను, అబద్ధమెందుకు.

జెద్దాలో దిగి, షరఫియా బజారులో టీ తాగుతూ తనకి వాయిస్ మెసేజ్ పెట్టాను.

"ఇంకో పిల్లని వెతక్కు, నా పేరు చెప్పు. వచ్చాక పైలట్ పక్క సీటు నాది. బస్సులో ఆరేళ్ళు కిటికీ నీకే వదిలాను."