అడుగు దాకా తాగిన చాయ్ లాటే

టీ విషయంలో నాకు ఒకరు చెప్పేదేమీ లేదన్న గర్వంతో బతికినవాణ్ణి. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర అంగట్లో పొద్దున ఒకటి, మధ్యాహ్నం బట్టల బజారులో ఒకటి, సాయంత్రం ఇంట్లో ఒకటి. గాజు గ్లాసు వేళ్లకు చురుక్కుమనాలి, మొదటి గుక్కకు నాలుక కాలాలి. అలాంటి నన్ను ఒక్క ఎండాకాలంలో మూడు ఊళ్లు తిప్పి, మూడు చోట్లా చాయ్ లాటే ముందు కూర్చోబెట్టింది మా మేనకోడలి పెళ్లి.

ముందు మా ఆచారం చెప్పాలి, లేకపోతే ఇదంతా పిచ్చివాళ్ల వ్యవహారంలా కనిపిస్తుంది. మావైపు వ్యాపారస్తుల ఇళ్లలో పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నోటితో కాదనరు. గ్లాసుతో అంటారు. అమ్మాయి తెచ్చిచ్చిన టీ చివరి దాకా తాగి గ్లాసు కింద పెడితే, మాకు ఇష్టమే అని. పెదవి తడిపి నిండు గ్లాసు అలాగే వదిలేస్తే, మాకొద్దు అని. పోయేటప్పుడు మాత్రం కబురు చేస్తామంటారు. ఆ కబురు ఏనాడూ రాదు. ఎంత మర్యాదస్తులమో చూడండి. మనిషిని మొహం మీద ఒక్క మాట అనం. ఆమె కాచిన టీని ఆమె కళ్లెదుటే చల్లారబెడతాం, అంతే.

మా అక్క కూతురు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఇంటికొచ్చి చూసిపోయిన సంబంధాలు రెండు. రెండుసార్లూ నిండు గ్లాసులే మిగిలాయి. రెండుసార్లూ ఆ టీని తనే పారబోసి, ఆ గ్లాసులు తనే కడిగింది. రెండోసారి కడిగాక, చేతులు తుడుచుకుంటూ వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది.

"ఇంక ఎవర్నీ ఇంటికి పిలవొద్దు నాయనా. నన్ను చూడల్లంటే బయట యాడన్నా చూడనీ. ఆడ కప్పులు కడిగేది నేను కాదు."

మా బావ బట్టల వ్యాపారి. జీవితమంతా గిరాకీలు బేరం చేసి, మడత విప్పిన చీరలు వదిలేసి పోతే నవ్వుతూ మళ్లీ మడత పెట్టుకున్న మనిషి. అలాంటివాడు కూతురి మాటకు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆడపిల్లను హోటల్లో చూపిస్తారా అని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కానీ ఆ గ్లాసులు కడిగే చప్పుడు ఆయనా విన్నాడు కదా. చివరికి సరేనన్నాడు. అక్కకు మోకాళ్ల నొప్పులు, కదల్లేదు. కారు నాది, మేనమామను నేను, కాబట్టి నేనూ వెళ్లాల్సిందే. నా నోటి దురుసు తెలిసీ నన్ను వెంటబెట్టుకోవడమంటే, పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుని పోవడమే.

మొదటిది ప్రొద్దుటూరులోనే. అద్దాల తలుపులు, చలి పుట్టించే ఏసీ, ఎవరో గొంతు నొప్పితో పాడుతున్నట్టు ఒక ఇంగ్లీషు పాట. స్టూళ్లు ఎంత ఎత్తంటే మా బావ ఎక్కి కూర్చున్నాక కాళ్లు నేలకు అందలేదు. మెనూ మొత్తం ఇంగ్లీషులో ఉంది. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కింది దాకా చదివితే ఆయనకు తెలిసిన మాట ఒక్కటే దొరికింది, చాయ్. పక్కన లాటే అని ఉన్నా పట్టించుకోలేదు. అందరికీ అదే చెప్పాడు. ఆ మూడు ఊళ్లలోనూ మేము అదే తాగడానికి కారణం ఇంతకు మించి ఏమీ లేదు.

వచ్చింది. కప్పు పాయసం గిన్నెంత ఉంది. పైన తెల్లటి నురగ, నురగ మీద దాల్చినచెక్క పొడితో ఆకు బొమ్మ. బావ చెంచాతో ఆకును పక్కకు జరిపి, టీ ఎక్కడుందని నన్ను అడిగాడు. అడుగున ఉంటుంది, తవ్వమన్నాను. పైన పటారం, లోన లొటారం. నురగ దాటి పోతే గోరువెచ్చని పాలు, ఆ పాలకు ఎప్పుడో టీ ఆకుతో పరిచయం ఉన్నట్టు లీలగా ఒక వాసన. పైగా సొంత ఊరు. షాపుకు వచ్చినవాళ్లలో సగం మంది బావకు గిరాకీలే. ఒకావిడ పెళ్లికొడుకు పక్కనే నిలబడి, ధర్మవరం కొత్త సరుకు వచ్చిందా అని అడిగి మరీ వెళ్లింది.

మైదుకూరు వైపు నుంచి వచ్చిన ఆ పిల్లవాడు ఆకు బొమ్మను నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. వాళ్లింటి వాళ్లందరూ కప్పులు అడుగంటా తాగారు. బావ మొహం వెలిగిపోయింది. కారెక్కగానే మేనకోడలు వద్దంది. అంతా తాగారు కదమ్మా అని బావ బతిమాలాడు.

"ఆ నురగను చూసినంత సేపన్నా నన్ను చూడలా నాయనా" అంది.

అలా మా వంశంలో మొదటిసారి, ఖాళీ కప్పులు చూసి కూడా కబురు చేస్తామని మేమే చెప్పాల్సి వచ్చింది. బావ ఆ ఫోను చేసేటప్పుడు దొంగతనం చేసినవాడిలా గొంతు తగ్గించాడు.

రెండోది జమ్మలమడుగులో. కింద పైపులు, మోటార్ల అంగడి, పైన కాఫీ షాపు. గోడకు ప్లాస్టిక్ పచ్చగడ్డి అంటించారు. పెన్న పక్కనున్న ఊరివాళ్లకు పచ్చదనం గోడ మీద ఎందుకో నాకు అర్థం కాలేదు. మేము వెళ్లిన కాసేపటికి కరెంటు పోయింది, మిషను ఆగిపోయింది. వాళ్లేమీ కంగారు పడలేదు. ప్యాకెట్టు చించి, పొడిని వేడి పాలలో వేసి, చెంచాతో కలిపి తెచ్చారు. లవంగం, యాలక్కాయ, మిరియం, అన్నీ ఉన్నాయి. బిర్యానీకి అన్నీ దట్టించి బియ్యం వేయడం మరిచిపోయినట్టుంది. నేను ఆ మాట పైకే అన్నాను. పెళ్లికొడుకు తల్లి నావైపు ఒక చూపు చూసింది. మేనకోడలు బల్ల కింద నా కాలు తొక్కింది.

వాళ్లు సరిగ్గా సగం తాగారు. ఒకరు కాదు, అందరూ సగమే. దీనికి మా పెద్దలు ఏ అర్థమూ చెప్పిపోలేదు. తిరుగు దారిలో బావకు అదే బాధ. సగం తాగితే ఏంది లెక్క అని ఊరు చేరేదాకా అడుగుతూనే ఉన్నాడు. పిల్ల సగం నచ్చినట్టు అన్నాను. ఎవరూ నవ్వలేదు. వెనక సీటులోంచి మేనకోడలే చెప్పింది, ఉద్యోగం ఎప్పుడు మానేస్తావని అబ్బాయి తల్లి చెవిలో అడిగిందట, సగం కప్పు అయ్యేసరికి మాననని తను జవాబు చెప్పిందట. ఆ మిగిలిన సగానికి అర్థం అదన్నమాట.

మూడోది పులివెందుల. అబ్బాయి ఇడుపులపాయ క్యాంపస్‌లో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాడు, ఇంటివాళ్లకు ఎరువుల అంగడి. బయల్దేరే ముందు మేనకోడలు నాతో ఈసారి నోరు కట్టేసుకోమని చెప్పింది. సరేనన్నాను. నోరు కట్టేసుకున్నాను గానీ బుర్ర కట్టేసుకోలేదు, అదే కొంప ముంచింది. ముద్దనూరులో కారు ఆపింది నేనే. అక్కడ ఎలాగూ తాగలేం, ఇక్కడే మంచి టీ తాగి పోదామన్నాను. బావ సంతోషంగా రెండు గ్లాసులు తాగాడు. నేను మూడు. మేనకోడలు కారు దిగలేదు.

పులివెందుల షాపు మిగతా రెండింటి కన్నా పెద్దది. గోడ మీద విమానం బొమ్మ, పారిస్ గోపురం బొమ్మ. చాయ్ లాటే మాత్రం మూడింటిలోకీ హీనం. ఆ గోధుమరంగు పాకం సీసాలోంచి పిండారని తర్వాత తెలిసింది. ఒక్క గుక్క తీసుకున్నాను. దగ్గు మందులో పాలు కలిపినట్టుంది. కప్పు కింద పెట్టేశాను. బావ పెదవి తడిపి పెట్టేశాడు. అబ్బాయి తండ్రి కప్పు చెవి పట్టుకుని వదిలేశాడు. అబ్బాయి జేజి, అంటే నాయనమ్మ, అసలు ముట్టుకోలేదు.

అబ్బాయి, అమ్మాయి దూరంగా కిటికీ దగ్గర బల్లకు వెళ్లారు. అతను ఇంటర్‌లో లెక్కలు తప్పానని చెప్పాడట. మేనకోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే నా ప్రాణం లేచి వచ్చింది. రెండోసారి గ్లాసులు కడిగిన రోజు నుంచి ఆ పిల్ల అలా నవ్వగా నేను వినలేదు. వాళ్ల మాటలు అయ్యేలా లేవు. ఆమె చేతులు తిప్పుతూ ఏదో వివరిస్తోంది, అతను తల ఊపుతూ మధ్యలో అడ్డం తగులుతున్నాడు.

మా బల్ల దగ్గర మాత్రం మాటలు అయిపోయాయి. వానల గురించి, ఎరువుల గురించి, ముద్దనూరు రోడ్డు గురించి మాట్లాడాక ఇంకేం మిగులుతుంది? నురగ అణిగిపోయి పైన మీగడ కట్టింది. అప్పుడు గమనించాను, జేజి కళ్లు మా కప్పుల మీదే ఉన్నాయి. మా బావ కళ్లు వాళ్ల కప్పుల మీద. అందరివీ నిండుగానే ఉన్నాయి. బావ నా చెవి దగ్గరకు వంగాడు.

"చూస్తాండావా అప్పా, ఒక్కరూ తాగలా. ఇంక ఈడ కూచోని ఏం లాభం, పోదాం పా."

అది తాగదగ్గది కాదు బావా అని చెప్పబోయాను. ఈలోపే జేజి బల్ల కింద కాలితో చెప్పులు వెతుక్కుంటోంది. అబ్బాయి తండ్రి లేచి, కబురు చేస్తాం లెండి అన్నాడు. మేమూ చేస్తామని బావ అన్నాడు. ఇద్దరి మొహాల్లోనూ ఒకటే అవమానం. ఒక్కరైనా ఇది టీ కాదయ్యా అని నోరు తెరిచి అంటే సరిపోయేది. ఊళ్లోని ప్రతి టీ అంగడినీ తిట్టిన నోరు నాది, అవసరమైనప్పుడు పెగల్లేదు.

కుర్చీల చప్పుడుకు మేనకోడలు తిరిగి చూసింది. లేచి వచ్చింది. నిలబడ్డ మనుషుల్ని చూడలేదు, బల్ల మీద నిండు కప్పుల్ని చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ చూపు నాకు తెలుసు. ఇంట్లో కడిగిన గ్లాసులు ఇక్కడికి కూడా వచ్చాయి. నాకు ఆ ఆచారాన్ని పట్టుకుని చెప్పుతో కొట్టాలనిపించింది.

ఆమె ఏడవలేదు. కూర్చుంది. తండ్రి కప్పు దగ్గరకు లాక్కుని, మీగడతో సహా ఎత్తింది. మధ్యలో కళ్లు గట్టిగా మూసుకుంది గానీ దించలేదు. ఖాళీ కప్పును చప్పుడయ్యేలా పెట్టింది. వెనకే వచ్చిన అబ్బాయి అది చూశాడు. జేజి కప్పు తీసుకున్నాడు. అతనికీ గొంతు దిగడం కష్టమైంది, అయినా తాగాడు.

జేజి చెప్పులు వదిలేసి మళ్లీ కూర్చుంది.

"మీరు ముట్టకపోతే మా పిల్లోడు నచ్చలేదేమో అనుకుంటిమి గదమ్మా" అంది.

మేమూ అదే అనుకున్నామని బావ అన్నాడు. వాళ్లూ ఇంటి దగ్గర టీ తాగే బయల్దేరారని అప్పుడు బయటపడింది. అబ్బాయి తండ్రి నిలబడే తన కప్పు ఖాళీ చేశాడు. ఇక అందరూ నా వైపు చూశారు. నిండుగా ఉన్నది నాదొక్కటే.

"మామా, ఇంక నీదే" అంది మేనకోడలు.

మెల్లగానే అంది. కానీ ఆ కళ్లు కప్పు మీద నుంచి కదల్లేదు. కడుపులో ముద్దనూరు టీలు మూడు, చేతిలో చల్లారిన దగ్గు మందు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరిస్తే ఎలా? ఊపిరి బిగబట్టి తాగాను. అడుగున పాకం ముద్దగా దిగింది, దాన్నీ వదల్లేదు.

ఎట్లుందప్పా అని జేజి అడిగింది. ప్రొద్దుటూరు నురగ, జమ్మలమడుగు బిర్యానీ, అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. మేనకోడలు నన్నే చూస్తోంది.

"శానా బాగుంది" అన్నాను.

జేజి మొహం విప్పారింది. అంత బాగుంటే ఇంకోటి తాగల్సిందేనని, నేను వద్దనే లోపే చెప్పేసింది. మేనకోడలు నవ్వు ఆపుకోవడానికి తల దించుకుంది. రెండోది వచ్చింది, నురగతో, వేడివేడిగా. దాన్నీ అడుగు దాకా తాగాను.