సింహాచలం మావయ్యకు నేను మాన్పించిన పౌడర్

నిన్న పొద్దున్న కాలేజీకి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మంలోనే ఆపింది. "సింహాచలం మావయ్య పోయాడ్రా."

సైకిల్‌కి స్టాండ్ వేశానో లేదో కూడా గుర్తులేదు.

మన సెక్టర్ 2 మెయిల్ గ్రూప్‌లో అందరికీ తెలియాలని సైబర్ కేఫ్‌లో కూర్చుని రాస్తున్నాను.

పొగడ్తల కంటే ముందు ఒక తప్పు చెప్పాలి. డాక్టర్ రాసిన ప్రొటీన్ పౌడర్‌ని ఆరు వారాలు ఆయన చేత మాన్పించింది ఎవరో కాదు. నేనే.

ఊరు వదిలిన వాళ్ళకి గుర్తుచేస్తాను. మావయ్య ప్లాంట్‌లో రిగ్గర్. బరువులు లేపించడమే ఉద్యోగం. డ్యూటీ దిగాక క్వార్టర్ వెనక రేకుల షెడ్‌లో మన జిమ్ నడిపేవాడు. నూనె డబ్బాల్లో సిమెంట్ పోసి, మధ్యలో పైపు గుచ్చి, బరువులన్నీ ఆయనే చేశాడు.

"ఒరే గుంటడా, నడుం కాదు, మోకాళ్ళు వంచు. దేన్నైనా లేపడానికి ఒక పద్దతుంటాది."

ఓ వానాకాలం పక్క క్వార్టర్ పాండే భయ్యా స్కూటర్ కాలవలో దిగబడింది. భయ్యా దిగబోతే మావయ్య వద్దన్నాడు. మనిషితో సహా వెనక చక్రం లేపి రోడ్డు మీద పెట్టాడు. భయ్యా దండం పెట్టి, కిక్ కొట్టడం మర్చిపోయి అలాగే కూర్చున్నాడు.

ఆ చేతులు మీకు గుర్తున్నాయి కదా.

రిటైరయ్యాక ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. కండంతా కరిగి చొక్కా చేతులు వేలాడేవి. డాక్టర్ గారు పౌడర్ రాశారు. రోజూ కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చునే కసరత్తు చెయ్యమన్నారు.

అప్పుడే నేనొక కరపత్రం చదివాను. డబ్బాల్లో అమ్మే బలమంతా కంపెనీల మోసమని. మొత్తం నాలుగు పేజీలు. వాటితో వాళ్ళింట్లో నిలబడి అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పల్లీలు, వేయించిన శనగలు చాలన్నాను. చదువుకున్నవాడు చెప్పాడని అత్త డబ్బా అటకెక్కించింది.

ఆరు వారాలకి ఆయన కుర్చీ చేతులు పట్టుకున్నా లేవలేకపోయాడు.

ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ డైట్ చూసే దీదీ ఒక్కటే అడిగారు. నమిలేటప్పుడు ఆయాసం వస్తోందా అని.

మావయ్య నావైపు తిరిగాడు. "ఏటి సెప్పమంటావురా? నాలుగు పల్లీలు నమిల్తే మైలు పరిగెట్టినట్టుంటాది. నువ్వు అంత ఇదిగా సెప్పినావు. కాదంటే బాధపడతావని తింతన్నాను."

నాలుగు తిట్టినా బాగుండేది.

దీదీ విడమర్చి చెప్పారు. అలాంటి మనిషి కొంచెమే తినగలడు. ఆ కొంచెంలోనే బలం ఉండాలి. అందుకే పౌడర్. అందరికీ పడదని, కిడ్నీ జబ్బుంటే అడక్కుండా ముట్టుకోవద్దని కూడా దీదీ చెప్పారు. ఒంట్లో బాగున్నవాళ్ళకి డబ్బాలు అంటగట్టేవాళ్ళ మీద నా కోపం ఇప్పటికీ పోలేదు. కానీ నేను అరిచింది వాళ్ళ మీద కాదు. ఒక రోగి మీద.

ఆ తర్వాత అత్త చోడంబలిలో, అదే రాగిజావలో, పౌడర్ కలిపి కొంచెం కొంచెంగా తాగించేది. రోజూ సాయంత్రం నేను వెళ్ళి, ఆయన ఎన్నిసార్లు లేస్తున్నాడో లెక్కపెట్టేవాణ్ణి. మూడుతో మొదలుపెట్టాం. పదకొండు దాటిన రోజు కుర్చీలో కూలబడి, "ఏట్రా, నువ్వు మాస్టరైపోనావా?" అన్నాడు. మర్నాడు చాయ్ దుకాణం దాకా తనే నడిచాడు.

జబ్బు మాత్రం ఆగలేదు. ఈ చలికి ఛాతీలో నిమ్ము చేరింది.

ఆ ఆరు వారాలు పోకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాడా అని డాక్టర్ గారిని అడిగాను. "చెప్పలేం" అన్నారు.

ఆ మాటతోనే బతకాలి నేను.

ఆదివారం షెడ్ దగ్గరికి రండి. దీదీ వస్తానన్నారు. మీ ఇంట్లో చిక్కిపోతున్న తాతో, షుగర్‌తో నీరసించిన అమ్మో ఉంటే వెంట తీసుకురండి. వాళ్ళ మందుల చీటీలూ తెండి. ముందుగా ఆమె వాళ్ళనే అడుగుతారు, ఏం తినగలుగుతున్నారని. నేను కుర్చీలు వేస్తాను. మాట్లాడను.

వెళ్ళిరా మావయ్యా. ఇంక నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.

ఆదివారం, సాయంత్రం ఐదింటికి. అందరూ రండి.