గోలీల్లో దోస్తానా లేదన్న అత్త

సూరత్‌లోని గోడాదరాలో మా మెస్ నడిపిన అత్త మొన్న కన్నుమూసింది. కబురు చెప్పడానికి ఫోన్ చేసిన మా రూమ్ దోస్తూ నేనూ కాసేపు ఏడ్చాం. తర్వాత ఆమె తిట్లు ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ గంటసేపు మాట్లాడుకున్నాం.

అత్తతో చుట్టరికమేమీ లేదు. జగిత్యాల వైపు నుంచి సూరత్ వచ్చి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే మాలాంటి వాళ్లం ముప్పై మందిమి ఆమె చేతి అన్నం తినేవాళ్లం. ఎక్కువ తిన్నవాణ్ణి మెచ్చుకునేది, తక్కువ తిన్నవాణ్ణి అనుమానించేది.

నా జ్వరాన్ని పట్టుకున్నది ఆ అనుమానమే. వారంగా ఒళ్లు కాలుతున్నా ఏదో గోలీ మింగి పనికి పోతుంటే, తనే దవాఖానకు లాక్కెళ్లింది. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది. డాక్టర్ పద్నాలుగు రోజులకు మందులు రాశాడు. ఐదో రోజుకే జ్వరం దిగింది. అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. మా గదిలో సబ్బు నుంచి లుంగీ దాకా అన్నీ అందరివీ. దోస్తుకూ ఒళ్లు వెచ్చబడితే మిగిలిన గోలీలు వాడికిచ్చేశాను. పుణ్యం చేశానని మురిసిపోయాను కూడా.

పది రోజులు తిరగకుండా ఇద్దరం మంచాన పడ్డాం. జ్వరం దిగినా క్రిమి లోపలే ఉంటుందని, మందు మధ్యలో ఆపితే తిరగబెడుతుందని, ముదిరితే పేగుకు చిల్లుపడి ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ నెమ్మదిగా చెప్పాడు. తిట్టే పని అత్త తీసుకుంది.

"నీ జరం నీది, వాని జరం వానిది. లుంగీలు మార్చుకోండ్రి గాని గోలీలల్ల దోస్తానా లేదు."

తర్వాత గొంతు తగ్గించి, "నా బిందెల నీళ్లతోనే అచ్చిందా సారూ?" అని అడిగింది. నీళ్లు కావచ్చు, కడగని చేతులు కావచ్చు, ఎక్కడిదో చెప్పలేమన్నాడాయన. ఆ రోజు నుంచి మెస్‌లో కాచిన నీళ్లే. సబ్బుతో చేతులు కడగనివాడికి కంచం లేదు. మాకు లంఖణాలు పెట్టకుండా మెత్తటి అన్నం, పప్పుకట్టు పోసేది. మా గోలీలు రెండు వేరు వేరు డబ్బాల్లో తన దగ్గరే ఉండేవి. మింగి, నాలుక ఎత్తి చూపిస్తేనే గరిటె కదిలేది. అదీ ముప్పై మంది ముందు! సిగ్గుతో చచ్చేవాళ్లం. చావకుండా బతికింది మాత్రం ఆ మొండితనం వల్లే.

మందులన్నీ అయిపోయి, డాక్టర్ సరేనన్నాక మళ్లీ పనిలోకి దిగాం. ఏనాడూ కార్ఖానా గడప తొక్కని అత్త ఆ పొద్దున గుమ్మంలో కనిపించింది. మోతకు తట్టుకోలేక రెండు చెవులూ మూసుకుని, మా ఇద్దరి సాంచాలూ ఆడేదాకా అలాగే నిలబడింది. ఏదో అంది. వినబడలేదు. నోరారా నవ్వుతోందని మాత్రం తెలిసింది.